గోరంతను కొండంత చేయడం నేర్పారు, కొండను గోరంతగా చూపడం మరిచారు

రాజకీయ వ్యంగ్య రచనను ఎనిమిది వారాల్లో నేర్పుతామని చెప్పే ఒక ఆన్‌లైన్ కోర్సును ఇటీవలే పూర్తి చేశాను. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. చెప్పవలసిన ఫిర్యాదులు కొన్ని ఉన్నాయి గనుక, వాటికి వారి వద్ద సమాధానాలు ఉండవచ్చు గనుక, పేరెత్తకుండా బాగోగులు మాత్రమే చెప్పడం న్యాయమని తోచింది. ఇలాంటి శిక్షణలు ఇప్పుడు చాలానే ఉన్నాయి, వాటి పాఠ్యప్రణాళికలు ఇంచుమించు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. కాబట్టి వాటిలో దేనిలో చేరాలనుకునేవారికైనా ఈ సమీక్ష కొంత పనికివస్తుంది. నా తీర్పు ముందే చెప్పేస్తాను. అతిశయోక్తిని వీరు నేర్పినంత శ్రద్ధగా నేర్పడం నేను మరెక్కడా చూడలేదు. పొగడ్త రూపంలో నిందించే వ్యాజస్తుతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం వీరే చేతులెత్తేశారు, పైగా ఎత్తేసిన సంగతి వారికే తెలియలేదు.

కోర్సు స్వరూపం మామూలే. వారానికి మూడు వీడియో పాఠాలు, ఒక అభ్యాసం, వారాంతంలో బోధకుడితో గంటసేపు ప్రత్యక్ష చర్చ, రాసినదాన్ని తోటి విద్యార్థులు చదివి వ్యాఖ్యానించే ఏర్పాటు, వీటితోపాటు రచనను క్షణాల్లో పరీక్షించి మార్కులు వేసే ఒక యాంత్రిక పరికరం. వీడియోల నాణ్యత బాగుంది, మాట స్పష్టంగా వినిపిస్తుంది, పాఠాల రాతప్రతులు కూడా ఇస్తారు. అభ్యాసాలన్నింటినీ ఒక కల్పిత మంత్రి మీదనే రాయాలన్నది వారి నియమం. మొదట ఇది పిరికితనంలా కనిపించింది గాని, రెండో వారానికే దాని ప్రయోజనం అర్థమైంది. నిజమైన నాయకుడి మీద రాయమంటే ప్రతి ఒక్కరూ తమ కసిని కాగితం మీద కక్కి, అదే వ్యంగ్యమని అనుకుంటారు. ముందు కోపం లేని మనిషి మీద రాయవలసి వచ్చినప్పుడు చేతికి మిగిలేది పనితనం ఒక్కటే.

మొదటి మూడు వారాలూ అతిశయోక్తికే కేటాయించారు. గోరంతను కొండంత చేయడం ఎవరికైనా వచ్చు, ఏ గోరంతను ఎంచుకోవాలో తెలియడమే విద్య అన్న మాటతో బోధకుడు మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఇచ్చిన అభ్యాసం నాకు బాగా గుర్తుండిపోయింది. వర్షాలు బాగా కురిసినందుకు మంత్రిగారు తన పాలనను తానే మెచ్చుకున్నారు; దీన్ని పెంచి రాయండి, అని ప్రశ్న. చాలామంది మంత్రిగారి పొట్టనూ మీసాలనూ పెంచారు. నేను కొంచెం తెలివిగా రాశాననుకుని, మంత్రిగారు మేఘాలతో సమీక్షా సమావేశం జరిపినట్టూ, ఆలస్యంగా వచ్చిన మబ్బు ఒకదానికి సంజాయిషీ నోటీసు ఇచ్చినట్టూ వర్ణించాను. బోధకుడు దాన్ని చదివి నవ్వి, ఇది హాస్యం, ఇంకా వ్యంగ్యం కాలేదు అన్నాడు. మంత్రి చెప్పుకున్న మాటలోని తర్కాన్ని అదే దిశలో ఇంకో మెట్టు ఎక్కించి చూడమన్నాడు. వానను తానే కురిపించానని చెప్పేవాడు వరద వచ్చిన రోజున ఏం చెబుతాడు? అప్పుడు ఈ వాక్యం వచ్చింది: "వర్షం మా ప్రభుత్వం ఇచ్చినదే, వరద మాత్రం గత ప్రభుత్వం వదిలి వెళ్లినది." మేఘాలూ నోటీసులూ అన్నీ పోయి ఆ ఒక్క వాక్యమే మిగిలింది. దానిలో పెంచినది మంత్రి ఆకారాన్ని కాదు, ఆయన వాదాన్ని. ఈ తేడాను పట్టుకోవడానికి మూడు వారాలు పట్టిందంటే అది కోర్సు లోపం కాదు, నా లోపమే.

ఈ సందర్భంలో వారు ప్రస్తావించిన క్వింటిలియన్ మాట విలువైనది. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు ఆ రోమన్ అలంకారవేత్త, అతిశయోక్తి నమ్మకాన్ని దాటవచ్చు గాని మోతాదును దాటకూడదన్నాడు; అది అబద్ధమే ఆడుతుంది, కాని మోసగించాలని ఆడదు అన్నాడు. మన అలంకారశాస్త్రకారులలో అప్పయ్య దీక్షితులు అత్యుక్తి అనే అలంకారాన్ని వేరుగా చెప్పి, అద్భుతంగానూ అసత్యంగానూ శౌర్య ఔదార్యాలను వర్ణించడమే దాని లక్షణమన్నాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక చిత్రమైన సంగతి బయటపడుతుంది: అత్యుక్తి పుట్టిల్లు రాజుగారి కొలువు. ఏలికను పొగిడేందుకు తయారైన పనిముట్టునే వ్యంగ్యకారుడు ఎత్తుకొచ్చి, దాని మొనను అటు తిప్పాడు. కోర్సులో ఈ మాట లేదు, ఇది నా పిడకలవేట. కాని పొగడ్తా వ్యంగ్యమూ ఒకే ఆయుధాన్ని పంచుకుంటాయన్నది ఆరో వారంలో నాకు ఎదురైన చిక్కుకు మూలం కాబట్టి ఇక్కడే చెప్పి ఉంచుతున్నాను.

బొమ్మలలో అతిశయోక్తి గురించిన పాఠం మొత్తం కోర్సులోకెల్లా ఉత్తమమైనది. ఫ్రాన్సులో 1831లో షార్ల్ ఫిలిపోన్ అనే పత్రికాధిపతి తన మీద రాజద్రోహ స్వభావం గల కేసు నడుస్తుండగా న్యాయస్థానంలోనే నాలుగు బొమ్మలు గీసి చూపించాడు. మొదటిది లూయీ ఫిలిప్ రాజు ముఖం, చివరిది ఒక బేరిపండు. మధ్యనున్న రెండు బొమ్మలలో బుగ్గలు కొంచెం కొంచెంగా కిందికి జారుతూ, నెత్తి సన్నబడుతూ వస్తుంది. పండు రాజును పోలి ఉండటం నేరమైతే, ఏ మెట్టు దగ్గర ఆ నేరం మొదలైందో చెప్పండి, లేదా లోకంలోని బేరిపండ్లన్నింటినీ శిక్షించండి అన్నది ఆయన వాదన. శిక్ష తప్పలేదు, కాని ఆ పండు బొమ్మ దేశమంతటా గోడలెక్కింది; ఫ్రెంచి వాడుకలో ఆ పండు పేరుకు తెలివితక్కువవాడన్న అర్థం కూడా ఉండటం దానికి కలిసివచ్చింది. ఆ రాజునే ప్రజల సొమ్మును మింగే మహాకాయుడిగా చిత్రించినందుకు చిత్రకారుడు ఓనోరే దోమియే 1832లో ఆరు నెలల శిక్షకు గురై జైలుకు వెళ్లాడు. 1835 సెప్టెంబరులో వచ్చిన చట్టం, అచ్చు వేయబోయే ప్రతి వ్యంగ్యచిత్రానికీ ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. బోధకుడు ఈ కథను కథగా వదిలేయకుండా, ఆ నాలుగు బొమ్మల పద్ధతిని వాక్యాలకు అన్వయించే అభ్యాసం ఇచ్చాడు: మంత్రి నిజంగా అనగలిగిన మాటతో మొదలుపెట్టి, నాలుగో వాక్యానికి అసంభవమైన చోటికి చేరాలి, కాని ఏ రెండు వాక్యాల మధ్యా అతుకు కనపడకూడదు. ఈ ఒక్క అభ్యాసం కోసమైనా కోర్సులో చేరవచ్చు.

నాలుగో వారంలో వ్యంగ్య రచయిత జోనథన్ స్విఫ్ట్ 1729లో రాసిన ప్రతిపాదనను చదివించారు. ఐర్లండ్‌లోని పేదల పిల్లలను ఏడాది నిండగానే సంపన్నుల భోజనాల కోసం అమ్మితే దారిద్ర్యం తీరుతుందని లెక్కలు కట్టి చూపిన ఆ రచన గురించి అందరూ వినే ఉంటారు గాని, దానిలోని అతిశయోక్తి ఎక్కడుందో చెప్పమంటే తరగతిలో అందరమూ పిల్లలను తినడం దగ్గరే ఆగిపోయాం. అసలు పెంచినది లెక్కల వ్యసనాన్ని. లక్షా ఇరవై వేల మంది పిల్లలు, అందులో సంతానవృద్ధికి ఇరవై వేలు, అమ్మకానికి లక్ష అని ఆ కంఠం అణుమాత్రం చలించకుండా లెక్కవేస్తుంది. మనుషులను పద్దులుగా చూసే ఆనాటి సంస్కర్తల ధోరణి ఇంకొక్క అడుగు ముందుకేస్తే ఎక్కడికి చేరుతుందో అక్కడికే వెళ్లి నిలబడుతుంది. చివరన ఆ పెద్దమనిషి, ఇందులో తనకు స్వప్రయోజనం ఏమీ లేదని, తన చివరి బిడ్డకు తొమ్మిదేళ్లు నిండాయని, భార్యకు ఇక కాన్పు అయ్యే వయసు దాటిందని సంజాయిషీ ఇచ్చుకుంటాడు. ఆ వాక్యం చదివినప్పుడే ఒళ్లు జలదరిస్తుంది. అందులో అతిశయోక్తి లేనే లేదు, ఉన్నది మర్యాద. కొండంత ఘోరాన్ని గోరంత మర్యాదతో చెప్పడం వల్ల పుట్టిన వణుకు అది. సరిగ్గా ఇక్కడే బోధకుడు ఆగి, ఇది మరో విద్య, దీని సంగతి వేరుగా నేర్చుకోవాలి అని చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. దీన్ని కూడా అతిశయోక్తి ఖాతాలోనే జమ చేసి పాఠం ముగించాడు.

అతిశయోక్తికి ఉన్న ప్రమాదాన్ని గురించి మాత్రం నిజాయితీగానే మాట్లాడారు. 2008లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన సారా పేలిన్, అలాస్కా నేల మీద నుంచి రష్యాను చూడవచ్చునని ఒక ఇంటర్వ్యూలో అన్నారు. కొద్ది రోజులకే ఒక టీవీ హాస్య కార్యక్రమంలో ఆమె వేషం వేసిన టీనా ఫే, మా ఇంటి నుంచే రష్యా కనిపిస్తుందన్న మాట పలికింది. కాలక్రమాన అసలు మాట మరుగున పడి, వేషధారి పలికిన మాటే అసలు మనిషి అన్నదిగా చాలామంది మనసుల్లో స్థిరపడిపోయింది. క్వింటిలియన్ చెప్పిన మోసగించాలన్న ఉద్దేశం ఇక్కడ ఎవరికీ లేదు, అయినా ఫలితం మోసంలాగే పరిణమించింది. వ్యంగ్యకారుడు దీనికి జవాబుదారీ అవునా కాదా అన్న చర్చ ప్రత్యక్ష తరగతిలో గంటను దాటి సాగింది. నా మటుకు నాకు, అతిశయోక్తి అసలు మాటకు మరీ దగ్గరగా ఉన్నప్పుడే ఈ ప్రమాదం ఎక్కువనిపిస్తుంది. పిల్లలను తినమన్న ప్రతిపాదనను పాఠకుడు నిజమనుకోవడానికి చాలా కష్టపడాలి. ఇంటి నుంచి రష్యా కనిపించడానికి అంత కష్టం అక్కరలేదు. ఆ కార్యక్రమమే అదే నెలలో మరో అంకంలో పేలిన్ ఇచ్చిన ఒక జవాబును దాదాపు ఉన్నదున్నట్టుగా అప్పజెప్పింది, జనం అంతే నవ్వారు. పెంచకుండా వదిలేయడం కూడా ఒక పద్ధతేనన్న సంగతి ఈ రెండో ఉదాహరణలో ఉంది, పాఠంలో మాత్రం దాన్ని ఒక్క వాక్యంతో సరిపెట్టారు.

ఇక అయిదో వారం నుంచి కథ మారింది. వ్యాజస్తుతికీ, మాటకు మరో అర్థం పలికించే వక్రోక్తికీ కలిపి వారిచ్చిన నిర్వచనం, అనుకున్నదానికి వ్యతిరేకంగా చెప్పడం. ఇంతే. ఈ నిర్వచనంతో రాస్తే వచ్చేది వెటకారం మాత్రమే. మంత్రి అవినీతిపరుడైతే "ఎంత నిప్పులాంటి మనిషి" అనడం, రోడ్డు గుంతలమయమైతే "ఆహా, అద్దంలాంటి రోడ్డు" అనడం. ఇలాంటివి పలికేటప్పుడు పనిచేస్తాయి, రాతలో చప్పబడిపోతాయి. ఎందుకు చప్పబడతాయో మన అలంకారశాస్త్రం ఎప్పుడో చెప్పింది. వక్రోక్తికి రెండు దారులున్నాయని, ఒకటి శ్లేష, రెండోది కాకువు అని రుద్రటుడనే అలంకారికుడు విభజించాడు. కాకువంటే గొంతులో వచ్చే మలుపు. కాగితానికి గొంతు లేదు. క్వింటిలియన్ కూడా ఇదే విషయాన్ని మరో విధంగా చెబుతూ, మాటకు అర్థం వేరే ఉందని వినేవాడికి మూడు ఆనవాళ్ల వల్ల తెలుస్తుందన్నాడు: పలికిన తీరు, పలికిన మనిషి, మాట్లాడుతున్న విషయపు స్వభావం. అచ్చులో మొదటిది పోతుంది. రచయిత పేరు తెలియని చోట, లేదా రచన ఒక తెరపట్టుగా (స్క్రీన్‌షాట్‌గా) చేతులు మారి అపరిచితులకు చేరిన చోట రెండోది కూడా పోతుంది. మిగిలిన బరువంతా మూడోదాని మీద పడుతుంది. రాజకీయ వ్యంగ్యంలో ఆ మూడోది ఎప్పుడూ నమ్మదగినది కాదు, ఎందుకంటే లోకంలో ఏ అసంభవాన్నయినా గంభీరంగా సమర్థించే మనిషి ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటాడు. 2005లో నేథన్ పో అనే వ్యక్తి మతవాదాల చర్చను ఉద్దేశించి అన్న మాటను ఇంటర్నెట్టులో ఒక సూత్రంలాగే వాడుతున్నారు: నవ్వుతున్న గుర్తు ఏదో ఒకటి లేకపోతే, ఛాందసానికి చేసిన వికటానుకరణను (పేరడీని) అసలు ఛాందసమని ఎవరో ఒకరు పొరబడి తీరుతారు.

ఈ చిక్కు ఇంటర్నెట్టుతో వచ్చినది కూడా కాదు. ఇంగ్లండులో డేనియల్ డీఫో అనే రచయిత 1702 చివరలో పేరు లేకుండా ఒక కరపత్రం అచ్చువేశాడు. అధికార చర్చిలో చేరని క్రైస్తవులను నిర్మూలించడమే అతి దగ్గర మార్గమని అందులో ఉద్రేకంగా వాదించాడు. నిజానికి డీఫో ఆ చర్చిలో చేరనివారిలో ఒకడు; ఛాందసుల గొంతును అనుకరించి వారినే నవ్వులపాలు చేయాలన్నది ఆయన ఎత్తుగడ. అనుకరణ ఎంత బాగా కుదిరిందంటే ఛాందసులు దాన్ని తమ మాటగానే మెచ్చుకున్నారు, ఆయన పక్షంవారేమో భయపడి ఆగ్రహించారు. రాసినది ఎవరో బయటపడ్డాక ఇరుపక్షాలకూ కాకుండా పోయి, 1703 జులైలో మూడు రోజులు నడిబజారులో తలా చేతులూ బిగించే బొండకొయ్యలో శిక్షగా నిలబడ్డాడు. ఈ ఉదంతం గురించి కోర్సులో మాటమాత్రం కూడా లేకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. అతిశయోక్తి ఉంది, వక్రోక్తి ఉంది, లక్ష్యం ఉంది, నైపుణ్యం కావలసినంత ఉంది. అయినా అది ఎందుకు విఫలమైందో చర్చిస్తే అయిదు, ఆరు వారాల పాఠాలన్నీ దానిలోనే ఇమిడిపోయేవి. నా మట్టుకు జవాబు ఇది: స్విఫ్ట్ తన ప్రతిపాదన చివర, ఇతర ఉపాయాల గురించి నాతో మాట్లాడవద్దంటూనే అసలైన పరిష్కారాలన్నింటినీ ఒక జాబితాగా ఏకరువు పెట్టాడు, వద్దన్న చోటే తన మనసును విప్పాడు. డీఫో అలాంటి కిటికీ ఏదీ తెరిచి పెట్టలేదు.

ఇక నా స్వానుభవం. ఆరో వారపు అభ్యాసంలో కల్పిత మంత్రిని పొగుడుతూ ఒక పేజీ రాశాను. అందులోని రెండు వాక్యాలు ఇవి: "మంత్రిగారు ఎన్నికల వాగ్దానాలను ప్రాణంతో సమానంగా భద్రపరిచారు, అయిదేళ్లలో ఒక్కదాన్ని కూడా వాడి పాడుచేయలేదు. వంతెన ప్రారంభోత్సవం నాలుగోసారి కూడా ఏ ఆటంకమూ లేకుండా జరిగింది, కట్టడం ఒక్కటే మిగిలింది." యాంత్రిక పరికరం దీనికి నూటికి ముప్పైరెండు మార్కులు వేసి, రచన లక్ష్యాన్ని విమర్శించడానికి బదులు ప్రశంసిస్తున్నదని, అతిశయోక్తి స్థాయి తక్కువగా ఉన్నదని, మంత్రి శారీరక లక్షణాలను చేర్చవచ్చునని సలహా ఇచ్చింది. యంత్రం సంగతి సరే. తోటి విద్యార్థి ఒకరు, అధికారంలో ఉన్నవారికి భజన చేయడానికి ఈ వేదిక తగినది కాదని నన్ను సున్నితంగా మందలించారు. నేను బోధకుడికి రాస్తే, అపార్థానికి తావు లేకుండా చివరన కుండలీకరణాల్లో వ్యంగ్యమని పెట్టమని ఆయన జవాబిచ్చారు. పొగడ్తా నిందా రెండూ ఒకే మాటలో కాపురముండటమే వ్యాజస్తుతి లక్షణం. పైకి కనిపించేది ఒకటి, చివరికి తేలేది మరొకటి. ఆ తేలడం పాఠకుడి మనసులో జరగాలి. చీటీ అతికించిన క్షణాన ఆ పని రచయితే చేసిపెట్టినట్టు, పాఠకుడికి మిగిలేదేమీ లేదు.

చీటీ అసలే వద్దని నేను అనడం లేదు. 1988లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ప్రసిద్ధమైన వ్యాజ్యంలో, ఒక మతబోధకుడిని ఎగతాళి చేసిన అశ్లీల పత్రిక ప్రకటన అడుగున, ఇది వికటానుకరణ, గంభీరంగా తీసుకోవద్దన్న చిన్న అక్షరాల మాట ఉండనే ఉంది. తీర్పు పత్రిక పక్షానే వచ్చింది, అదీ ఏకగ్రీవంగా. ఆ ప్రకటనను ఎవరూ వాస్తవ కథనంగా అర్థం చేసుకోలేరన్న జ్యూరీ నిర్ణయం అందులో ముఖ్యపాత్ర వహించింది. కాని 2022లో ఒక వ్యంగ్య పత్రిక అదే న్యాయస్థానానికి సమర్పించిన వాదపత్రంలో, ముందుగా హెచ్చరిక తగిలించి మొదలుపెట్టిన వికటానుకరణ పనిచేయదని, పాఠకుణ్ణి ఒక్క క్షణం నమ్మించడంలోనే దాని పస ఉందని వాదించింది, ఆ వాదపత్రాన్ని కూడా సగం వేళాకోళంగానే రాసింది. ఆ వ్యాజ్యాన్ని విచారణకు స్వీకరించడానికి న్యాయస్థానం 2023లో నిరాకరించింది గనుక అక్కడ తేలినదేమీ లేదు. కోర్సులో న్యాయపరమైన పాఠం మొదటి తీర్పు దగ్గరే ఆగిపోయి, లోకమంతటా అదే చట్టమన్నట్టు ముగిసింది. విదేశాధినేతలను అవమానించడాన్ని ప్రత్యేక నేరంగా చూసే సెక్షను జర్మనీలో 2018 ఆరంభం దాకా అమల్లో ఉందని, 2016లో ఒక టీవీ వ్యంగ్యకారుడు చదివిన పద్యం మీద ఆ సెక్షను కిందనే దర్యాప్తు నడిచిందని ఒక్క మాట చెప్పినా చేరినవారు కొంత జాగ్రత్తపడేవారు. ఈ పాఠాన్ని నమ్ముకుని ఎవరూ ఏదీ ప్రచురించవద్దని నా సలహా.

అపార్థం కేవలం అమాయకత్వం వల్ల వస్తుందనుకోవడం కూడా పొరపాటే. 2012లో అమెరికాలోని ఒక వ్యంగ్య పత్రిక ఉత్తర కొరియా అధినేతను ఆ ఏటి అత్యంత ఆకర్షణీయుడైన పురుషుడిగా ప్రకటిస్తే, చైనా అధికార పత్రిక వెబ్‌సైటు దాన్ని నిజవార్తగా స్వీకరించి యాభైఅయిదు పేజీల చిత్రమాలికతో సహా ప్రచురించింది. అక్కడ పనిచేసిన సంపాదకులకు చదవడం రాక కాదు. అధినేతల మీద పొగడ్త ఎంత మితిమీరినా అది మామూలుగా కనిపించే చోట వ్యాజస్తుతి నిలబడలేదు, అంతే. 2009లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం మరో కోణం చూపింది. సంప్రదాయవాద వ్యాఖ్యాతగా నటిస్తూ ఆ ధోరణినే ఎగతాళి చేసే ఒక టీవీ నటుణ్ణి 332 మందికి చూపిస్తే, ఉదారవాదులకూ సంప్రదాయవాదులకూ అతను సమానంగానే నవ్వు తెప్పించాడు. కాని అతను పైకి వేళాకోళం నటిస్తున్నాడే గాని మనసులో ఆ మాటలనే నమ్ముతున్నాడని సంప్రదాయవాదులు ఎక్కువగా భావించారు. ఒకే వాక్యం, ఒకే నవ్వు, రెండు అర్థాలు. నన్ను మందలించిన తోటి విద్యార్థి మీద నాకు మొదట వచ్చిన కోపం ఈ అధ్యయనం గుర్తుకు రాగానే చాలావరకు చల్లారింది.

అసలు లోపమంతా ఒక్క చోట ఉంది. మాటను తగ్గించి చెప్పడానికి కోర్సులో ఒక్క పాఠం కూడా లేదు. పెంచడానికి మూడు వారాలు, తగ్గించడానికి సున్నా. ఈ కాలపు రాజకీయంలో ఇది చిన్న వెలితి కాదు. నాయకులే తమ గురించి తాము కోతలు కోస్తుంటే, తాడిని తన్నేవాడి తల తన్నేవాడిగా వ్యంగ్యకారుడు ఎంతకాలం పోటీపడగలడు? అలాంటి చోట గొంతు తగ్గించినవాడి మాటే వినిపిస్తుంది. అధికార భాషలో ఈ తగ్గింపు సహజంగానే దొరుకుతుంది. 1945 ఆగస్టు 15న జపాను చక్రవర్తి ప్రసంగం, రెండు నగరాలు అణుబాంబులకు బూడిదైన తర్వాత, యుద్ధ పరిస్థితి జపానుకు తప్పనిసరిగా అనుకూలంగా పరిణమించలేదని చెప్పింది. ఆ వాక్యాన్ని ఏ వ్యంగ్యకారుడూ రాయలేదు, ఏ వ్యంగ్యకారుడూ దానికి ఒక్క అక్షరం చేర్చనక్కర లేదు. ప్రభుత్వ ప్రకటనల నుంచి ఇలాంటి వాక్యాలను ఏరి, వాటిని సరైన ఫోటో కింద, సరైన రోజున పెట్టడమెలాగో నేర్పే అభ్యాసం ఒకటి చేర్చినా ఈ కోర్సు స్థాయి మారిపోతుంది. ఇదే సూచనను నేను రాతపూర్వకంగా ఇచ్చాను.

చివరి రెండు వారాల గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. బలహీనుల మీద కాకుండా బలవంతుల మీద రాయమన్న పాఠం మంచిదే గాని, ఎవరు బలవంతులో తేల్చుకోలేని సందర్భాలను అది దాటవేసింది. పత్రికలకు రచనలు పంపే పద్ధతి మీద ఉన్న పాఠం పాతబడిపోయింది, అందులోని లింకులు సగం తెరుచుకోవు. బోధకుడు మాత్రం చివరిదాకా ఓపిక కోల్పోలేదు. అతిశయోక్తి మీద ఆయన చేసిన దిద్దుబాట్లలో నాకు పనికిరానిది ఒక్కటీ లేదు. యాంత్రిక పరికరాన్ని ఆపివేసే సౌకర్యం ఉంది, మొదటిరోజే ఆపివేయడం మేలు. వ్యంగ్యచిత్రాలు గీసేవారికి, వేదిక మీద పలికే హాస్యం రాసేవారికి ఈ కోర్సు నిస్సంకోచంగా తగినది; వారికి గొంతో గీతో తోడుంటుంది. అచ్చులో మాత్రమే రాయదలచినవారు మొదటి నాలుగు వారాలు చేసి ఆపేయవచ్చు, అలా విడిగా కూడా తీసుకోనిస్తారు.

కోర్సు ముగిశాక అభిప్రాయం రాయమని ఒక పత్రం పంపారు. తగ్గించి చెప్పే విద్య నాకు ఎంతవరకు వచ్చిందో చూసుకుందామని ఇలా రాశాను: "వ్యాజస్తుతి మీద వీరి పాఠం ఎంత సంక్షిప్తమంటే, అది ఎప్పుడు అయిపోయిందో గమనించే అవకాశం కూడా నాకు దొరకలేదు. విద్యార్థి సమయాన్ని ఇంతగా గౌరవించే సంస్థను నేను మరొకదాన్ని ఎరుగను." ప్రస్తుతం అది వారి ముఖపత్రంలో, అయిదు నక్షత్రాల కింద, మూడో ప్రశంసగా కనిపిస్తోంది.